తిరగేసి అంటించిన కొండ

మా బావగారు ఎక్కని కొండ లేదని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆయన మా ఆయనకి స్వయానా అన్నగారు. ఫ్యాక్టరీల్లో రాళ్ళూ బొగ్గూ మోసే రబ్బరు బెల్టులు అమ్మే కంపెనీలో, జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఉద్యోగం. కొండల కింద ఒక ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. ఏడాదికి కొన్నిసార్లు అక్కడికి వెళ్ళి, పాత బెల్టు ఎక్కడ అరిగిందో చూసి, కొత్తది అంటగట్టి వస్తారు. దాని గురించి ఇంట్లో ఎవరూ అడగరు. బెల్టు గురించి అడగడానికి ఏముంటుంది? అది ఆయనకీ ఎప్పుడో అర్థమైంది. అందుకని బెల్టుల గురించి చెప్పడం మానేసి, కొండల గురించి చెప్పడం మొదలుపెట్టారు.

చెప్పడమంటే అలా ఇలా కాదు. అందరం భోజనానికి కూర్చుంటే ఉప్పు డబ్బా ఒక శిఖరం, మంచినీళ్ళ జగ్గు ఇంకో శిఖరం, గరిటె వాటి మధ్య పారే ఏరు అయిపోతాయి. ఎవరికైనా ఉప్పు కావాలంటే శిఖరం పని అయ్యేదాకా ఆగాలి. “పని మీద వెళ్ళినవాడు పని చూసుకుని తిరిగొచ్చేస్తే వాడంత దౌర్భాగ్యుడు ఇంకోడుండడు,” అంటారు. “పొద్దున పని, మధ్యాహ్నం కొండ. నా పద్ధతి ఇదీ.” ఏ గుట్ట మీద ఎప్పుడు నిలబడాలో, ఏ జలపాతానికి ఏ నెలలో వెళ్ళాలో, ఎక్కడ నిలబడి అరిస్తే కేక తిరిగి వినిపిస్తుందో, అన్నీ ఆయన నాలిక చివరే ఉంటాయి. సూర్యోదయం పాయింటు, సూర్యాస్తమయం పాయింటు, ప్రతిధ్వని పాయింటు. పాయింటు లేకుండా ఆయన నోట వాక్యం పూర్తవదు. చుట్టాల పిల్లలు ఆయన్ని పాయింటు పెదనాన్న అంటారు. ఆయన అది బిరుదనుకుంటారు.

వీటన్నిటిలోకీ గొప్పది మూపురం కొండ. “ఎదురుగా నిలబడితే ఎడమ పక్క ఒంటె మూపురం. కుడి పక్క రంపం పళ్ళు. మధ్యలో మంచు, ఎవరో పాలు ఒలకబోసినట్టు.” నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ఈ వర్ణన వింటున్నాను. ఒక్క మాట మారలేదు. మారకపోవడం వల్లే అందరూ నమ్మారు. నేను నీళ్ళు పరీక్షించే లాబులో పనిచేస్తాను. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి మొట్టమొదట నేర్పే విషయం ఒకటుంది. ఒక పరికరం ప్రతిసారీ ఒకే అంకె చూపిస్తోందంటే అది నిలకడగా ఉందని అర్థం, సరిగ్గా ఉందని కాదు. ఈ ముక్క భోజనాల బల్ల దగ్గర చెప్తే ఎవరు వింటారు?

ఆయన భార్యని నేను అక్కా అని పిలుస్తాను. పాపం, ఆవిడ ఆ కొండల దరిదాపుల్లోకి కూడా ఎప్పుడూ వెళ్ళలేదు.

“ఇన్ని చూశారు, నన్నొక్కసారి తీసుకెళ్ళకూడదూ?” అని అడిగితే, “ఆఫీసు టూరే అది. పెళ్ళి ఊరేగింపనుకున్నావా?” అని కొట్టిపారేస్తారు. ఆ మాటకి ఆయనే పెద్దగా నవ్వుతారు. అక్క కంచాలు తీసేస్తుంది.

మొన్న చలికాలం వెళ్ళీవెళ్ళగానే నన్ను మా కంపెనీ ఆ ఊరికే పంపింది. అక్కడ కాగితం మిల్లు నుంచి బయటికి వదిలే నీళ్ళని పరీక్ష చేయాలి. మా పాపకి అప్పటికి ఏడాది దాటింది, ఇంకా నా పాలు మానలేదు. పైగా కాస్త చలిగాలి తగిలితే చాలు, పిల్లి కూసినట్టు కూస్తుంది దాని ఛాతీ. వదిలి వెళ్ళలేను, తీసుకెళ్ళాలంటే భయం. చివరికి అత్తయ్య తోడొస్తానంది. పాపని ఆవిడ చూసుకుంటే నేను మిల్లుకి వెళ్ళొచ్చు.

ఈ మాట బావగారి చెవిన పడిందో లేదో, జగ్గు ముందుకు జరిగింది.

“మూపురం కొండ చూడకుండా వచ్చారంటే నా గుమ్మం తొక్కకండి,” అన్నారు.

“పాపతో కొండ ఎక్కడమేమిటి బావగారూ?”

“ఎక్కేదెక్కడమ్మా? కారు పైదాకా వెళ్తుంది. దిగితే సిమెంటు బాట. నాలుగడుగులేస్తే అద్దాల గది. లోపల వెచ్చగా ఉంటుంది. పిల్లలకి వేడి పాలు కూడా ఇస్తారు. ఉయ్యాల ఉంది.”

“గాలి ఎక్కువగా ఉంటుందా?”

“గాలెక్కడిది? కొండ అడ్డం కదా.”

“మరి ఎండ?”

“కొండ నీడ కదా.”

“ఫోను పనిచేస్తుందా?”

“కొండ మీద టవరే పెట్టారు!”

ఏం అడిగినా కొండే జవాబయింది. నేను ఒక్కో ప్రశ్న అడుగుతుంటే ఆయన మొహం వెలిగిపోవడం చూడాలి. అంత శ్రద్ధగా ఆయన్ని ఎవరూ ఎప్పుడూ ఏమీ అడిగి ఉండరు. “ఒక్కటి గుర్తుపెట్టుకో. బోర్డు దగ్గర బాట రెండుగా చీలుతుంది. ఎడమ చేతి వైపు తీసుకో. కుడి చేతిది మేకల దారి, ఎటు పోతుందో దానికే తెలీదు.”

ఆ ఊరు ఎలా ఉందంటే, కొండల్ని చూడ్డానికి వచ్చిన జనం కొండలకి అడ్డంగా కట్టుకున్న హోటళ్ళలా ఉంది. వీధిలో నిలబడితే కనబడేవి దుప్పట్ల దుకాణాలు, టోపీల దుకాణాలు, “కొండ దృశ్యం” అని పేరు పెట్టుకుని ఎదురు హోటలు గోడని చూపించే గదులు. అసలు కొండ కింద వీధుల్లోంచి కనబడదు, మధ్యలో ఒక గుట్ట అడ్డం. గదిలో మంచం పక్కన ఒక రంగుల కాగితం పెట్టారు. ఒక పక్క చూడవలసినవి, ఇంకో పక్క చేయవలసినవి. చూడవలసినవన్నీ కొండలే. చేయవలసినవన్నీ కొనవలసినవే.

మా కంపెనీ వాళ్ళకి తెలియకుండానే బావగారు ఎప్పుడూ దిగే హోటలే మాకూ దొరికింది. లోపల అడుగుపెట్టగానే కౌంటరు వెనక గోడంత పెద్ద గాజు అద్దం, దాని మీద పైనుంచి కింద దాకా మూపురం కొండ ఫోటో. ఎడమ పక్క ఒంటె మూపురం. కుడి పక్క రంపం పళ్ళు. మధ్యలో ఒలికిన పాలు. కింద ఒక గుట్ట, దాని మీద చీలిపోయే బాట, ఎడమ వైపు పోయే బాట చివర తళతళమంటూ అద్దాల గది.

అత్తయ్య చంకలోని పాపని ఎత్తి చూపించింది. “చూశావా బంగారం, మీ పెదనాన్న చెప్పినట్టే ఉంది! అచ్చు గుద్దినట్టు!”

మిల్లు పని రెండు రోజులు సాగింది. అక్కడి మేనేజరు తన చెరువులోని నీళ్ళ రంగు గురించి నేనడిగిన ప్రతిదానికీ, “అవన్నీ సరే మేడమ్, మీరింకా మూపురం కొండ చూళ్ళేదా?” అని అడిగాడు. చెరువు కంపు కొడుతోంది, కొండ కొట్టదు, అతని బాధ నాకర్థమైంది. ఇటు ఇంటి నుంచి బావగారి ఫోన్లు. “వెళ్ళారా? ఇంకా వెళ్ళలేదా? ఇవాళ మబ్బు లేదు, నాకు తెలుసు,” అని అక్కడెక్కడో కూర్చుని ఇక్కడి ఆకాశం గురించి చెప్పేవారు.

“వెళ్ళొద్దాం అమ్మాయ్,” అంది అత్తయ్య మూడో రోజు పొద్దున. “ఇంత దూరం వచ్చి ఊరికే పోతే పెద్దాడు చిన్నబుచ్చుకుంటాడు. కారు పైదాకా వెళ్తుందన్నాడుగా.”

సరేనన్నాను. పాపకి రెండు స్వెటర్లు, టోపీ, మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడిగాను. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పరికరం, జ్వరం చూసేది, ఆవిరి పట్టేది, ఫ్లాస్కులో వేడినీళ్ళు, అన్నీ సంచీలో సర్దాను. అత్తయ్య సంచీ చూసి, “కొండకా, ఆసుపత్రికా?” అంది.

కారు ఒకచోట ఆగిపోయింది. “ఇంతవరకేనమ్మా,” అన్నాడు డ్రైవరు.

“పైదాకా వెళ్తుందన్నారే?”

“ఎవరన్నారు?”

దానికి జవాబు చెప్పడం అప్పుడే మొదలుపెట్టలేక, దారి అడిగాను. తను ఎప్పుడూ కారు దిగలేదన్నాడు. “కొండ ఎక్కడికీ పోదు కదమ్మా. కారు పోతుంది,” అన్నాడు. సిమెంటు బాట ఉంది గానీ అది ఏ కాలంలో వేసిందో, అక్కడో పలక, ఇక్కడో పలక మిగిలింది. నాలుగడుగులు నాలుగొందలయ్యాయి. బోర్డు దగ్గరికొచ్చేసరికి అత్తయ్య రొప్పుతోంది. బోర్డు మీద “ఇక్కడ నిప్పు రాజేయరాదు” అని ఉంది. దాని వెనక, నిజం చెప్పాలంటే, కొండ బాగానే ఉంది. పాపని ఎత్తుకుని బోర్డు పక్కన నిలబడ్డ అత్తయ్యని ఫోటో తీశాను. తీస్తుండగా ఏదో తేడా అనిపించింది. మూపురం కుడి పక్కన ఉంది.

బావగారికి ఫోను చేశాను. అక్కడిదాకా ఫోను పలికింది.

“బోర్డు దగ్గరున్నాం బావగారూ. మూపురం కుడి పక్కనుందేమిటి?”

“నువ్వు వెనక్కి తిరిగి నిలబడ్డావేమో చూసుకో.”

“వెనక్కి తిరిగితే కొండెలా కనబడుతుంది?”

“అదీ నిజమేలే.” ఒక్క క్షణం ఆలోచించారు. “ఇంకా పైకి వెళ్ళాలమ్మా. పైనుంచి చూస్తే ఎడమకొచ్చేస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.”

“బాట ఎటన్నారు?”

“ఎడమ చేతి వైపు. కళ్ళు మూసుకుని వెళ్ళిపో.”

నాలుగడుగులు పైకెక్కితే కుడి ఎడమైపోయే కొండ ఎక్కడా ఉండదు. ఆ మాట అత్తయ్యతో అనేలోపే ఆవిడ ఎడమ బాట పట్టింది. “వాడికి తెలీదా? ఎన్నిసార్లు వచ్చుంటాడు!” అంటూ ముందు నడిచింది.

ఆ బాట గుట్టని చుట్టి అవతలికి దిగింది. గాలికి కొండ అడ్డం లేదు, కొండ మీది గాలే తిన్నగా మా మొహాల మీదికొచ్చింది. పలకలు అయిపోయాయి, రాళ్ళు మొదలయ్యాయి. ఎప్పుడో రాయి కొట్టి వదిలేసిన గుంటలు. అద్దాల గది కోసం చూస్తూ ఇంకాస్త, ఇంకాస్త అని వెళ్ళాం. అంతలో మబ్బు కిందికి దిగింది. ఎంత తొందరగా దిగిందంటే, ముందు నడుస్తున్న అత్తయ్య నడుం దాకా కనబడి, తర్వాత తల కనబడి, తర్వాత గొంతు మాత్రం మిగిలింది.

“అమ్మాయ్! ఎక్కడున్నావే?”

“కదలకండి అత్తయ్యా! ఉన్నచోటే కూర్చోండి!”

రాళ్ళు పట్టుకుని పాకుతూ ఆవిడ దగ్గరికి చేరాను. ఆవిడ చంకలో పాప ఏడుస్తోంది. ఏడుస్తున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది, ఊపిరి ఆడుతున్నదే ఏడవగలదు. తర్వాత ఏడుపు ఆపేసింది. మేజోళ్ళు విప్పి చూస్తే పాదాలు చల్లటి రాళ్ళలా ఉన్నాయి. వేలికి పరికరం పెట్టాను, అంకె రాలేదు. చలికి వేళ్ళలో రక్తం తగ్గితే ఆ పరికరం చదవలేదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ అంకె రాని గాజు ముక్కని చూస్తుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య తన శాలువా తీసి మా ఇద్దరికీ చుట్టింది. పాపని నా చొక్కా లోపల ఛాతీకి ఆనించుకున్నాను. పిల్లికూత మొదలైంది. ఫోను చూస్తే పైన గీతలేవీ లేవు. టవరు కొండ మీదే ఉందట.

“పాలు కూడా ఇస్తారన్నాడు,” అంది అత్తయ్య, ఎవరితోనో తెలియకుండా.

మేం రాకపోయేసరికి డ్రైవరుకి విసుగు పుట్టి హారను కొట్టడం మొదలుపెట్టాడు. మా మీద ప్రేమతో కాదు, ఇంకో బేరం ఉందట, తర్వాత తనే చెప్పాడు. ఏమైతేనేం, ఆ మోతని పట్టుకుని, ఒక్కో రాయీ తడుముకుంటూ వెనక్కి వచ్చాం. బోర్డు కనబడగానే అత్తయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడే మబ్బు కాస్త విచ్చుకుంది. కుడి చేతి బాట చివర, పిలిస్తే పలికేంత దగ్గర్లో, అద్దాల గది. అద్దాలు పగిలిపోయి, తలుపుకి తాళం, తాళానికి తుప్పు.

హోటల్లో గది వేడెక్కాక పాప పాలు తాగింది, ఆవిరి పట్టాక కూత తగ్గింది, వేళ్ళు వెచ్చబడ్డాక అంకె వచ్చింది. మంచి అంకె. సాయంత్రానికి కింద కౌంటరు మీది గంట మోగిస్తూ కిలకిలా నవ్వుతోంది. పక్కనే ఉన్న సోఫాలో కూలబడ్డాను. అక్కడ కూర్చుంటే గోడంత ఫోటో అడుగు మూల కళ్ళకెదురుగా ఉంటుంది. ఆ మూల, బాట చీలే చోట, చిన్న బోర్డు. దాని మీద అక్షరాలు. చదవబోతే రాలేదు. అన్నీ అటుది ఇటుగా ఉన్నాయి, అద్దంలో చూసినట్టు.

“ఇది తిరగబడి ఉందండీ,” అన్నాను కౌంటరు దగ్గరమ్మాయితో.

“అవునండీ. అది అద్దం మీద అంటించే ఫిల్ము. ఇటు నుంచి అంటించాల్సింది పనివాళ్ళు అటు నుంచి అంటించి వెళ్ళిపోయారు.”

“మరి ఎవరూ చెప్పలేదా?”

“చెప్పడానికేముందండీ? అందరూ దాని ముందు నిలబడి ఫోటో దిగి వెళ్తారు. కొండ కొండే కదా!”

బావగారి పోలికలు చెప్పి, ఆయన తెలుసా అని అడిగాను.

“బెల్టుల సారా? తెలియకపోవడమేంటండీ! వచ్చినప్పుడల్లా ఇదిగో ఈ సోఫాలోనే కూర్చుని టీ తాగుతారు. ఈ కొండకేసి చూస్తూ. తర్వాత పైకి వెళ్ళిపోతారు. ఫ్యాక్టరీకి తప్ప ఆయన బయటికి కాలు పెట్టగా నేను చూళ్ళేదు.”

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మూపురం, రంపం, ఒలికిన పాలు, ఎడమ చేతి దారి, అన్నీ ఈ సోఫాలోంచే. ఉయ్యాలా వేడి పాలూ మాత్రం ఫోటోలో లేవు. అవి ఆయన సొంత కవిత్వం. నా కూతురు ఆ కవిత్వాన్ని నమ్ముకుని గడ్డకట్టబోయింది.

తిరుగు ప్రయాణమయ్యాం. ఊరు దగ్గరపడుతుండగా అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

“వాణ్ణి నలుగురిలో ఏమీ అనకు అమ్మాయ్. చిన్నప్పట్నుంచీ వాడి మాట ఎవరూ వినేవారు కాదు. చదువులో మీ ఆయనే ముందు, తెలివిలో వాడి చెల్లెలే ముందు. ఈ కొండల సంగతి ఒక్కటే వాడికి దక్కింది.”

“పాపకేమైనా అయ్యుంటే అత్తయ్యా?”

“కాలేదుగా,” అంది. అని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సరే, అననని మాటిచ్చాను. ఆ మాట మీద నిలబడదామనే అనుకున్నాను కూడా. ఒక అబద్ధాలకోరుని చూసి లోలోపల అసహ్యించుకుంటూ, పైకి నవ్వుతూ భోజనం చేయడం కుటుంబంలో ఎవరికైనా అలవాటయ్యే పనే.

కానీ ఆ వారం చివర్లో మా ఆడపడుచు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. వాళ్ళాయనకి ఆ ఊరి కాగితం మిల్లుతోనే ఏదో ఒప్పందం పని పడింది, తనూ వెంట వెళ్తోంది. డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నాడట. అందరం భోజనాలకి కూర్చున్నాం. మా ఆయన, అత్తయ్య, అక్క, పాపని ఒళ్ళో పెట్టుకుని నేను. ఉప్పు డబ్బా అప్పుడే శిఖరం అయిపోయింది.

“నువ్వేం భయపడకే,” అంటున్నారు బావగారు చెల్లెలితో. “కారు పైదాకా వెళ్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి కుర్చీలు కూడా ఉంటాయి.”

కుర్చీలు! పాపకి ఉయ్యాల వేసినట్టే, దీనికి కుర్చీలు వేశారు.

“బోర్డు దగ్గర ఎడమ చేతి బాట తీసుకో. అమ్మ మొన్న వెళ్ళొచ్చిందిగా, అడుగు. ఎలా ఉందమ్మా?”

అత్తయ్య అన్నం కలుపుతూ తలెత్తలేదు. “బాగుంది,” అంది.

“చూశావా!” అన్నారు చెల్లెలితో.

నేను పాపని మా ఆయన చేతికిచ్చాను. “వెళ్ళకమ్మా,” అన్నాను ఆడపడుచుతో. “ఎడమ చేతి బాట రాళ్ళ గుంటల్లోకి పోతుంది. మేం మబ్బులో చిక్కుకుపోయాం. పాప నోరెత్తలేని స్థితికొచ్చింది. అక్కడ పాలూ లేవు, కుర్చీలూ లేవు. ఆ గదికి తాళం.”

“ఏంటొదినా నువ్వనేది? మరి పెద్దన్నయ్య…”

“బాట తప్పారు, అంతే,” అన్నారు బావగారు తేలిగ్గా. “చదువుకున్నవాళ్ళకి కుడీ ఎడమా తెలీకపోతే నేనేం చేసేది?”

ఫోను తీసి ఫోటో చూపించాను. “ఇదీ మూపురం. కుడి పక్క.”

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. “తిరగబడింది మీ ఫోటో. ఫోన్లలో మన మొహం మనం తీసుకుంటే ఇలాగే వస్తుంది.”

“తిరగబడితే బోర్డు మీద అక్షరాలు కూడా తిరగబడాలి కదా బావగారూ. తిన్నగానే ఉన్నాయి, చదవండి.”

“అక్షరాల్ని సరిచేసుకుంటుందమ్మా ఫోను. ఇప్పుడొచ్చేవన్నీ అంతే.”

మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుకి బావగారి మొహం ఎర్రబడింది. “నవ్వకురా! అమ్మ కళ్ళారా చూసింది. అమ్మా, నువ్వు చెప్పు. మూపురం ఎటు పక్క?”

అత్తయ్య కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత కూతురి పొట్టకేసి చూసింది. ఆ పొట్ట మీద చెయ్యేసుకుని ఆడపడుచు ఎదురుచూస్తోంది.

“కుడి పక్కరా నాన్నా,” అంది అత్తయ్య. “కుడి పక్కే.”

హోటలు సోఫా గురించీ, తిరగేసి అంటించిన ఫిల్ము గురించీ నేను చెప్పుకొచ్చాను. మెత్తగా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. బావగారు వేలితో బల్ల మీద పడ్డ మెతుకుని పక్కకి జరుపుతూ విన్నారు.

“అయితే ఒక్కసారి కూడా వెళ్ళలేదా పెద్దన్నయ్యా?” అంది ఆడపడుచు.

“ఏముందే చూడ్డానికి?” అన్నారాయన. “కొండలేగా.”

అక్క గరిటె కింద పెట్టింది. “పొద్దున పని, మధ్యాహ్నం కొండ అనేవారుగా. కొండకి వెళ్ళకపోతే మరి ఇన్నేళ్ళుగా ఆ మధ్యాహ్నాలన్నీ ఎక్కడున్నారు?”

ఆ ప్రశ్న ఎటు పోతోందో మాకందరికీ అర్థమైంది. అందరికంటే ఆలస్యంగా ఆయనకి అర్థమైంది.

“ఛఛ! అదేం కాదే!”

“ఏది కాదు? నేనింకా ఏమీ అనలేదే.”

“పడుకునేవాణ్ణి,” అన్నారు.

“ఎవరి…”

“గదిలో! ఒక్కణ్ణే! నిద్రపోయేవాణ్ణి!” గొంతు పెరిగింది, తర్వాత వెంటనే పడిపోయింది. “మూడో అంతస్తులో వెనక వైపు చివరి గది. మెట్ల పక్కది తీసుకుంటే రాకపోకల చప్పుడు. ముందు వైపుదైతే వంటింటి పొగ. ఆ చివరి గదికి మాత్రం పక్కన గది లేదు. పరుపు మధ్యలో కాస్త దిగింది, అందుకని గోడ వైపు పడుకోవాలి. దిండ్లు రెండిస్తారు, పల్చటిది అడిగి తీసుకోవాలి, అలమర పై అరలో ఉంటుంది. మధ్యాహ్నం బట్టలుతికే మిషను ఆపేస్తారు. ఆ తర్వాత చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. ఎవరూ తలుపు కొట్టరు. ఎవరూ ఏదీ తెమ్మనరు. సాయంత్రం దాకా…” ఆగిపోయారు.

మూపురం కొండ గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పినా, కొండలో ఒక్క రాయి నా కళ్ళకి కట్టలేదు. ఈ గది మాత్రం కట్టింది. పల్చటి దిండుతో సహా. అందుకే నాకు ఇంకా అసహ్యమేసింది. చూసినదాన్ని చెప్పడం ఈ మనిషికి చేతకాక కాదన్నమాట. ఇంత బాగా చెప్పగలిగినవాడు, చూడనిదాన్ని చెప్తూ మమ్మల్ని రాళ్ళలోకి పంపాడు.

అక్కకి నమ్మకం కుదరలేదు. “ఆ హోటలుకి ఫోను చేయండి. ఇక్కడ, మా ముందు.”

“ఏమని చేయను?”

“నాకా గది కావాలి అన్నయ్యా,” అంది ఆడపడుచు. కోపంగా అందో, జాలిపడి అందో తెలియలేదు. “కొండలేవీ వద్దు నాకు. ఆయన పని అయ్యేదాకా పడుకుంటాను. నా పేరు మీద ఆ గది చెప్పించు.”

ఆయన ఫోను తీశారు. అక్క చెయ్యి చాచి స్పీకరు నొక్కింది. అవతల గంట మోగింది. కౌంటరు దగ్గరమ్మాయి ఎత్తింది.

“నేనమ్మా, బెల్టుల…”

“చెప్పండి సార్! మీ గొంతు తెలీదా? ఎప్పుడొస్తున్నారు? మీ గదేగా?”

“ఆఁ. కానీ ఈసారి…”

“అలాగే సార్. కిటికీ తెరలు ఎప్పటిలాగే మూసి ఉంచమంటారా? ఆ కిటికీకి ఎదురుగా కొండ కదా, ఆ వెలుతురు మీకు పడదుగా.”

బావగారు మా అందరి వంకా చూశారు. అక్క కళ్ళు తుడుచుకుంటోంది, ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను.

“మూసే ఉంచమ్మా,” అన్నారాయన. “మా చెల్లెలొస్తోంది.”